అల్ కువా ఎడారిలో ఒక రాత్రి: పాలపుంత ఎన్ని గంటలకి కనిపిస్తుంది, ఏమేం పట్టుకెళ్లాలి?

ఎడారిదారి:
అందరికీ నమస్కారం. ఉగాది వారాంతంలో దుబాయ్ నుంచి ఆరుగురం అబుదాబి ఎమిరేట్‌లోని అల్ కువా ఎడారికి వెళ్లి రాత్రి అక్కడే ఉందామనుకుంటున్నాం. ఒకటి ప్రాడో (ఫోర్ వీల్ డ్రైవ్), రెండోది అద్దె సెడాన్. ఇద్దరు పిల్లలున్నారు. సాయంత్రం ఆరింటికి చేరి, పాలపుంత చూసి పన్నెండుకి పడుకోవాలని ప్లాన్. 14 ఎంఎం, ఎఫ్ 2.8 లెన్స్ ఉంది. ఇసుకలో టెంట్ మేకులు నిలుస్తాయా?

చుక్కలపంచాంగం:
రోజు చక్కగా ఎంచుకున్నారండీ. ఉగాది ముందు అమావాస్యే కాబట్టి నెలవంక పొద్దుగూకిన కాసేపటికే దిగిపోతుంది. వేళ మాత్రం తిరగేసుకోవాలి. మీరు పడుకుందామనుకునే సమయానికి పాలపుంత నడిబొడ్డు, అంటే బాగా వెలిగే మధ్య భాగం, ఇంకా ఉదయించదు కూడా.

మార్చి చివరి వారానికి లెక్క చెప్తాను. రాత్రి ఎనిమిదికి పూర్తి చీకటి. దక్షిణాన దిగువగా అగస్త్యుడు కనిపిస్తాడు, అక్కడివాళ్లు సుహైల్ అంటారు. పడమటి వైపు మృగశిర, ఆర్ద్ర, వాటి కింద పిల్లలకోడి (కృత్తికల గుంపు). పిల్లలకి ఇవి చూపించి తొమ్మిదిన్నరకల్లా అందరూ పడుకోండి. పదకొండున్నర ప్రాంతంలో ఆగ్నేయాన ఎర్రగా జ్యేష్ఠ లేస్తుంది. ఒంటిగంటకి వృశ్చికరాశి తేలు కొండి దగ్గర, మూల నక్షత్రానికి ఎడమగా, నడిబొడ్డు పైకొస్తుంది. మూడింటికి 22 డిగ్రీల ఎత్తు, ఐదింటికి 35 (చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు). ఐదు దాటితే తెలవారుతుంది. కాబట్టి అలారం రెండున్నరకి పెట్టండి. ఉగాది ఏప్రిల్‌లో పడిన ఏడాదైతే రోజుకి 4 నిమిషాల చొప్పున ముందే ఉదయిస్తుందని లెక్కేసుకోండి.

ఫొటోకి 20 సెకన్లు, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200తో మొదలుపెట్టండి. ఆటోఫోకస్ ఆపేసి, తెర మీద ఒక పెద్ద చుక్కని పెంచి చూస్తూ, అది సూదిమొనంత అయ్యేదాకా రింగు తిప్పండి. ఆ రింగు కదలకుండా టేప్ వెయ్యండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి ఫోన్ తెర వెలిగితే మళ్లీ మొదటికే. అందరి టార్చీలకీ ఎర్ర కాగితం చుట్టండి.

ఇసుకబాట:
సెడాన్ ఇసుకలోకి దిగకూడదు. అద్దె బండి ఇసుకలో దిగబడితే మామూలుగా ఇన్సూరెన్స్ వర్తించదు. దాన్ని రోడ్డుకి దూరంగా గట్టి నేల మీద ఆపి, సామాను ప్రాడోలో రెండు ట్రిప్పులు వేసుకోండి.

ప్రాడోకి ఇసుక మొదలవక ముందే నాలుగు టైర్లలో గాలి 15 నుంచి 18 పీఎస్ఐకి దించాలి. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుంటుంది, బరువు పంచుకుపోయి ఇసుక మీద తేలుతుంది. 12 కంటే దించి గట్టిగా మలుపు తిప్పితే టైరు రిమ్ నుంచి ఊడొస్తుంది. ఆగేటప్పుడు బ్రేక్ తొక్కకండి, దానంతట అదే ఆగనివ్వండి. బ్రేక్ వేస్తే చక్రం ముందు ఇసుక గుట్ట కట్టి, మళ్లీ కదిలేటప్పుడు అదే అడ్డం పడుతుంది.

దిగబడ్డారా, వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రం తిరిగిన కొద్దీ గుంత తవ్వుతుంది, చివరికి బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. చక్రాల వెనకా, పొట్ట కిందా ఇసుక లాగేసి, వచ్చిన గాడిలోనే రివర్స్‌లో నెమ్మదిగా రండి. వేరే బండితో లాగించాల్సి వస్తే తాడు ట్రైలర్ తగిలించే గుండుకి కట్టొద్దు. అది విరిగితే తుపాకీ గుండులా వచ్చి తగులుతుంది. ఛాసిస్‌కున్న టో హుక్‌కే కట్టాలి.

తిరిగి తారు రోడ్డెక్కే ముందు కంప్రెసర్‌తో మామూలు గాలి నింపాలి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి. తక్కువ గాలితో హైవే మీద వెళ్తే టైరు పక్కగోడ వేడెక్కి పేలుతుంది. రాత్రి ఆ రోడ్ల మీద ఒంటెలు అడ్డొస్తాయి, చీకటి పడకముందే చేరండి.

ఎడారిదారి:
చాలా థ్యాంక్స్ అండీ. టెంట్, మంచు సంగతి?

గుడారం:
మామూలు మేకులు ఇసుకలో నిలవవు. ఖాళీ బియ్యం సంచిలో సగం ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతు గుంతలో పూడ్చి తొక్కండి. టెంట్‌కి నాలుగు మూలలా అలాగే. తలుపు గాలి వచ్చే వైపు కాకుండా అవతలి వైపు రావాలి. దిబ్బల మధ్య పల్లంలో వేయొద్దు, రాత్రి చల్లగాలి అక్కడికే జారి చేరుతుంది.

మంచు అక్కడ అసలు సమస్య. ఆకాశం నిర్మలంగా ఉంటే పైకి చూసే ప్రతి వస్తువూ వేడి కోల్పోయి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది, దాని మీద తేమ పడుతుంది. మూడింటికి ఫొటోలన్నీ మసకగా వస్తే ఫోకస్ అనుకుంటారు, లెన్స్ ముందు గాజు మీద వేలు పెట్టి చూస్తే తడిగా ఉంటుంది. చేతులు వెచ్చబెట్టుకునే హ్యాండ్ వార్మర్ ఒకటి లెన్స్ చుట్టూ రబ్బరు బ్యాండుతో కట్టండి. తుడవకండి, ఇసుక గీతలు పడతాయి.

మనిషికి 5 లీటర్ల నీళ్లు. తిండికి పులిహోర హాయి, పొయ్యి అక్కర్లేదు. మంట పెడితే కాళ్లున్న బార్బెక్యూ స్టాండ్ మీదే, నేల మీద కాదు. పిల్లల బూట్లు టెంట్ లోపలే ఉంచి, వేసుకునే ముందు దులపండి. అతినీలలోహిత టార్చి తీసుకెళ్తే తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తూ కనిపిస్తాయి. ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా గాలికి వదలొద్దు, ఒంటెలు తినేస్తాయి, అది కడుపులో గట్టిపడి చచ్చిపోతాయి. చెత్త సంచీని రాత్రే బండిలో పెట్టి తలుపు వేయండి.