హటరైట్లు ఆస్తి పంచుకోకుండా ఎలా ఉండగలుగుతున్నారు?

ప్రశ్న (అంబాజీపేట నుంచి):
మా అబ్బాయి అమెరికాలోని దక్షిణ డకోటాలో ఉద్యోగం చేస్తున్నందువల్ల కిందటి వేసవిలో అక్కడ ఒక హటరైట్ కాలనీని చూసే అవకాశం కలిగింది. హటరైట్లంటే ఆస్తి అంతా ఉమ్మడిగా ఉంచుకుని, ఊళ్ళుగా కలిసి బతికే ఒక క్రైస్తవ శాఖవారు. గంట మోగగానే ఊరు ఊరంతా ఒకే భోజనశాలకు చేరి, మగవారు ఒకవైపు, ఆడవారు మరొకవైపు కూర్చున్నారు. ఆడవారి నల్లని తలగుడ్డల మీది తెల్లని చుక్కలు ఇంకా నా కళ్ళముందే ఉన్నాయి. అంత సాగు ఉన్నా ఎవరి పేరునా సెంటు భూమి లేదట. మా మూడెకరాల కొబ్బరితోట పంచుకున్నాక, గట్టు మీది రెండు చెట్ల దింపు ఎవరిదన్న తగాదాతో మా నాన్నగారు, బాబాయి పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. వారికిది ఎలా సాధ్యమైందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (రాజోలు నుంచి):
వారి ఉమ్మడి కూడా తెగుతూ అతుకుతూ వచ్చినదేనండి. 1528లో మొరావియాలో (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం), మతహింసకు ఊరు విడిచిన కొందరు దారిలో నేల మీద ఒక వస్త్రం పరచి, ఉన్నదంతా అందులో వేయడంతో అది మొదలైంది. వారిని కూడగట్టిన యాకోబ్ హూటర్‌ను 1536లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో సజీవదహనం చేశారు. తరవాత రష్యాలో ఉన్నప్పుడు ఉమ్మడి ఆస్తిని వదిలేసి, 1859లో మళ్ళీ పునరుద్ధరించుకున్నారు. 1874 నుంచి డకోటాకు వచ్చినవారిలో ఎక్కువమంది కాలనీల్లో చేరక, ఎవరికివారు 160 ఎకరాల సర్కారు భూములు తీసుకుని ప్రెయిరీలాయిట్, అంటే మైదానపు జనం, అనిపించుకున్నారు.

జవాబు (ముమ్మిడివరం నుంచి):
ముప్పై ఏళ్ళు పంపకాల దస్తావేజులు రాసినవాణ్ణి కనుక ఒక మాట చేరుస్తాను. హటరైట్లూ విడిపోతారు. జనం 120, 150కి చేరేసరికి కాలనీని రెండు చేస్తారు. అంతకు మించితే అందరికీ తగిన పని ఉండదు. అయితే తగువు ముదిరాక కాకుండా, ఏళ్ళ ముందే డబ్బు కూడబెట్టి, కొత్తచోట భూమి కొని, ఇళ్ళూ కొట్టాలూ కట్టి విడిపోతారు. హటరైట్లలోనే ఒకటైన లేరర్‌లాయిట్ శాఖలో కుటుంబాలను వయసూ పనితనమూ చూసి రెండు సమమైన జాబితాలుగా రాస్తారు. రెండు జాబితాలవారూ సామాను సర్దుకుంటారు. ఎవరు కదలాలో చీటీ తేలుస్తుంది. మనమూ చీట్లు వేస్తాము, కానీ కాలువ పక్క ముక్క తనకే రావాలన్న ఆశతో కొలతలప్పుడే పేచీ పెడతాము. అక్కడ జాబితా రాసేవాడికి తానెటు వెళ్తాడో తెలియదు కాబట్టి ఏ వైపూ తక్కువ చేయలేడు. మీ రెండు చెట్ల సంగతి పెద్దమనుషులు కొలతనాడే రాయించి ఉండవలసింది.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. మరి కాలనీ విడిచి వెళ్ళేవారికి వాటా ఇస్తారా?

జవాబు (ముమ్మిడివరం నుంచి):
ఇవ్వరు. మానిటోబాలోని ఇంటర్‌లేక్ కాలనీ నుంచి వెలివేసినవారు వాటా కోరితే, 1970లో కెనడా సుప్రీంకోర్టు వారికి ఏ వాటా లేదని తీర్పు చెప్పింది.

జవాబు (రాజోలు నుంచి):
అందరి ఆస్తి అన్నప్పుడు న్యాయం అదే కావచ్చు, కానీ చిన్ననాటి నుంచీ ఆ పొలంలో చెమటోడ్చినవాడు కట్టుబట్టలతో గేటు దాటడం నాకు ఏమాత్రం మింగుడుపడటం లేదు.