అప్‌డేట్: కొండ మంటకి కాలిన పెరటి మట్టి (కడప)

ఎండాకాలం కొండ మంట మా పెరట్లోకొచ్చి షెడ్డు, డ్రిప్ పైపులు, పాత బ్యాటరీ కాలిపోయినాయి, ఆ మట్టిలో మళ్ళీ కూరగాయలు వేయొచ్చా అని అడిగింటిని కదా, మట్టి పరీక్ష రిపోర్టు వచ్చింది. షెడ్డు కాడ మాత్రం సీసం (లెడ్, విషలోహం) ఎక్కువుంది, మిగతాచోట మామూలే గానీ పిహెచ్ 8.6, అంటే మట్టి క్షారంగా ఉంది. బూడిదే క్షారం కాబట్టి సున్నం వేయమన్న సలహా వదిలేసినాం. షెడ్డు కాడ దుమ్ము లేవకుండా తడిపి, మాస్కు కట్టుకొని పైమట్టి మూడంగుళాలు గీకి సంచుల్లోకెత్తి విడిగా పెట్టినాం, అక్కడ ఆకుకూరలు, ముల్లంగి ఇంక వేయం, ఎందుకంటే కంపోస్టు వేసినా అది సీసాన్ని పట్టి ఉంచుతుందే గానీ పోగొట్టదు. మిగతాచోట నీళ్ళు పోస్తే ఇంకకుండా పైనే గుండ్లుగుండ్లుగా నిలబడుతుండె, పైపెంకు కదిలించి పశువులెరువు కలిపినాక ఇంకుతాండాయి. ఇప్పుడు పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లినాం, పూతకొచ్చినప్పుడు కలియదున్నిస్తాం. సలహాలిచ్చిన అందరికీ చానా థాంక్స్ అన్నా.