రెండు రోజులైనా తగ్గని కార్నియా అల్సర్: చుక్కలు మార్చాలా, మళ్లీ స్క్రేప్ చేయాలా (పుండును గీరి పరీక్షకు తీయాలా)?

పీజీ_రెండోఏడు
వరి ఆకు గీరుకున్న కన్ను అనుకోండి. నల్లగుడ్డు మీద 4 మి.మీ. పుండు, ముందు గదిలో 1 మి.మీ. చీము. స్మియర్‌లో (గీరినదాన్ని స్లైడ్ మీద పరిచి చూస్తే) గ్రామ్ పాజిటివ్ కాకై, అంటే గుండ్రటి బ్యాక్టీరియా కనబడ్డాయి, ఫంగస్ కోసం చేసే కేఓహెచ్ పరీక్షలో ఫంగస్ లేదు. మాక్సిఫ్లాక్సాసిన్ 0.5 శాతం యాంటీబయాటిక్ చుక్కలు గంటగంటకూ వేసి 48 గంటలైంది. పుండు అలాగే ఉంది, కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) ఇంకా ఏమీ మొలవలేదు. ఫోర్టిఫైడ్ చుక్కలకు (మోతాదు పెంచి కలిపిన వాటికి) మారాలా, ఒకరోజు మందులన్నీ ఆపి మళ్లీ స్క్రేప్ చేయాలా?

సెఫజోలిన్_పక్షం
మారడమే. ఆ కాకై న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా అయితే మాక్సి ఒక్కదాన్నే నమ్ముకోలేం. 500 మి.గ్రా. సెఫజోలిన్ వయల్‌ను 2 మి.లీ. స్టెరైల్ వాటర్‌తో కరిగించి 8 మి.లీ. కృత్రిమ కన్నీళ్లలో కలిపితే 5 శాతం. టోబ్రామైసిన్ 0.3 శాతం 5 మి.లీ. సీసాలోకి 80 మి.గ్రా. ఇంజెక్షన్ (2 మి.లీ.) ఎక్కిస్తే దాదాపు 1.4 శాతం. ఇది ఆసుపత్రిలో స్టెరైల్‌గా కలిపే పని, ఇంట్లో కాదు. మొదటి అరగంట ఐదేసి నిమిషాలకు, తర్వాత రాత్రీ పగలూ గంటకోసారి. రెండు మందుల మధ్య 5 నిమిషాలు ఆగాలి. కంట్లో నిలిచేదే 30 మైక్రోలీటర్లు, చుక్క అంతకంటే పెద్దది. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

ల్యాబ్_బల్ల
లెక్క బాగుంది సర్, కానీ ఏ క్రిమి మీద? వరి ఆకు గాయంలో ఒక్క కేఓహెచ్ నెగటివ్ వచ్చిందని ఫంగస్‌ను కొట్టిపారేయలేం. పైపైన గీరితే స్లైడ్ మీదికి వచ్చేది చీము కణాలే. తిమ్మిరి చుక్క ప్రొపరకైన్ వేసి, 15వ నంబరు బ్లేడుతో అంచునుంచీ అడుగునుంచీ తీయాలి. ఈసారి గ్రామ్, కేఓహెచ్‌తోపాటు 1 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో మాడిఫైడ్ జీల్-నీల్సన్ రంగు పరీక్ష కూడా చేయించండి. నోకార్డియా అనే బ్యాక్టీరియా దారాలు పూసల్లా తెగి కనబడి కాకై అనిపిస్తాయి. దానికి సెఫజోలిన్ ఎంత పోసినా లాభం ఉండదు, అమికాసిన్ 2.5 శాతం కావాలి. కల్చర్ ప్లేట్లు రెండు రోజులకే పారేస్తే అది ఎప్పటికీ దొరకదు, వారం పైనే ఉంచాలి.

స్లిట్‌ల్యాంప్_ముందు
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. మందు పనిచేయడం లేదని తేల్చిందెవరు? పుండు వెడల్పొక్కటే చూస్తే కుదరదు. అంచు మొద్దుబారిందా, తెలుపు చిక్కదనం తగ్గిందా, నొప్పి తగ్గిందా? సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అయితే సరైన మందు పడుతున్నా మొదటి ఒకటి రెండు రోజులు ముదిరినట్టే ఉంటుంది.

ఇంకో రెండు. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా చుక్కలు వేసిందెవరో అడగండి. చాలాసార్లు ‘మొండి’ పుండు గుట్టు అక్కడే తేలుతుంది. తర్వాత ముక్కు పక్కన కన్నీటి సంచి నొక్కి చూడండి. చీము పైకి ఎగదన్నితే అది క్రిముల గిడ్డంగి. దాని సంగతి తేల్చకుండా సీసాలు మార్చడం వృథా.

సెఫజోలిన్_పక్షం
సంచి మాట ఒప్పుకుంటాను. మందులు ఆపడం మాత్రం ఒప్పుకోను. కార్నియా పలచబడుతున్నా, పుండు తెల్లగుడ్డు అంచుకు పాకుతున్నా 24 గంటల్లో కన్ను చిల్లిపడవచ్చు.

ల్యాబ్_బల్ల
అలాంటి కంటికి ఆపమని నేనూ అనను. మందుల విరామం నిదానంగా సాగే పుండుకే. కరిగిపోతున్నదానికి తర్వాతి చుక్క వేయబోయే ముందు స్క్రేప్ చేసి, వెంటనే ఫోర్టిఫైడ్ మొదలుపెట్టండి. మొలిచే అవకాశం తగ్గుతుంది కానీ స్మియర్ చేతికొస్తుంది. ఎవరైనా ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ చుక్క) అనకముందే చెబుతున్నా: కార్నియా పుండుకు స్టెరాయిడ్ పనికొస్తుందా అని చూసి, 2012లో వెలువడిన స్కట్ ట్రయల్‌లో 500 మందిని చూశారు, మూడు నెలలకు చూపులో మొత్తమ్మీద తేడా రాలేదు. నోకార్డియా కళ్లలో స్టెరాయిడ్ వేస్తే పువ్వు (నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ) ఇంకా పెద్దదైంది.

పీజీ_రెండోఏడు
ఫోర్టిఫైడ్ వేశాక తెలుపు తగ్గి, పైపొర మాత్రం పూడకపోతే?

ఫార్మసీ_కౌంటర్
ముందు మందు విషాన్ని అనుమానించండి. కింది రెప్ప లోపల ఎర్రగా ఒరుసుకుపోయి, ఫ్లోరెసిన్ రంగు అక్కడే ఎక్కువ పట్టిందంటే టోబ్రామైసినో అమికాసినో అతిగా పడుతోందని. చుక్కలు పెంచొద్దు, రెండు గంటలకు, నాలుగు గంటలకు దించుతూ రండి. సీసా 2–8 డిగ్రీల్లో పెట్టి కలిపిన తేదీ రాయండి. నాలుగు రోజులకు కొత్తది. ఈలోపు రంగు మారినా, మబ్బుగా అయినా పారేయండి. వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ ఒకే సీసాలో కలిపితే తెల్లగా విరిగిపోతాయి. వాటికి ఎప్పుడూ వేర్వేరు సీసాలే.