‘నిప్పుఖడ్గుడు’: ఆటలో వీరుడికి ఈ పేరు పెట్టొచ్చా?

బరంపురం నుంచి ప్రశ్న:
పెద్దలకి నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహాలో, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మాటలతో కథ నడిపే ఆటను తెలుగులో ఆడుతున్నాం. ఆడేవాళ్లు ఐదుగురు, అందులో ఇద్దరు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. మంటలు చిమ్మే కత్తి పట్టిన యోధుడికి ‘నిప్పుఖడ్గుడు’ అని పెడితే ఒకరు తప్పన్నారు. ఎందుకు తప్పు? మిగతా పాత్రలకి పేర్లెలా కట్టాలి?

పర్లాకిమిడి:
తమ్ముడూ, తప్పన్నవారి మాట నిజమే. నిప్పు అచ్చతెలుగు, ఖడ్గం సంస్కృతం. పైగా ‘ఖడ్గం గలవాడు’ అన్న అర్థం వచ్చేలా ‘ఖడ్గుడు’ అని ముగించడం బహువ్రీహి అనే సంస్కృత సమాసం పోకడ. ఆ ముగింపు తెలుగు మాటకి అతకదు. ఇలా తెలుగు మాటనీ సంస్కృత మాటనీ కలిపి కట్టిన సమాసాన్ని వైరిసమాసం అంటారు. పూర్తిగా సంస్కృతంలోకి వెళ్తే అగ్నిఖడ్గుడు. పూర్తిగా తెలుగులోకి వస్తే నిప్పుకత్తి. నిప్పుకోడి అన్న మాట మనకి ఉండనే ఉంది, ఇదీ అదే పోత. నా ఓటు నిప్పుకత్తికే. నాలుగక్షరాలు, పోరు మధ్యలో కేకేసి పిలవడానికి బాగుంటుంది.

ఇక జాతికో పలుకుబడి పెట్టుకోండి. గనుల్లో బతికే మరుగుజ్జులకి అచ్చతెలుగు: ఉక్కుపిడి, నల్లసాన. అడవుల్లో ఉండే మాయజాతి ఎల్ఫులకి ల, ర, మ, న ఎక్కువున్న సంస్కృతం: తరులీన, వనలేఖ. సగం మనిషి, సగం ఎల్ఫ్ అయితే అప్పుడు కావాలనే కలపండి: వెన్నెలలేఖ. వైరిసమాసం అక్కడ పాత్ర పుట్టుకని చెబుతుంది కాబట్టి తప్పు కాదు.

ఒక్క మనవి. గోబ్లిన్లనే చిట్టి పిశాచాలకీ, కొండరాక్షసులకీ సవరల పేర్లు, కొండజాతుల పేర్లు పెట్టొద్దు. కొరాపుట్ కొండల్లో మంగ్లా, బుద్రా, సుక్రా అంటే పుట్టిన వారాన్ని బట్టి వచ్చిన మనుషుల పేర్లు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలో ఉండే సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు కట్టారు. ఆ పేర్లని రాక్షసులకి అంటగడితే మనసుకి కష్టంగా ఉంటుంది.

గుణుపురం:
రాజులకి పేర్లు వెతుక్కోనక్కర్లేదు. వంశధార మా ఊరు దాటి కిందికెళ్తే ముఖలింగం. ఆ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగుల్లో వజ్రహస్త, కామార్ణవ, గుణార్ణవ, దేవేంద్రవర్మ అన్న పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. వాటిని యథాతథంగా వాడొద్దు, చరిత్ర గుర్తొచ్చి ఆట పక్కదారి పడుతుంది. రెండు ముక్కలుగా విడదీసి మార్చి అతకండి: వజ్ర + అర్ణవ = వజ్రార్ణవుడు, గుణ + హస్త = గుణహస్తుడు. గిరి + అర్ణవ మాత్రం యణాదేశం (ఇ స్థానంలో య) వచ్చి గిర్యర్ణవుడవుతుంది, నోరు తిరగదు. మొదటి ముక్క ‘అ’తో ముగిసేది ఎంచుకుంటే ఈ చిక్కు ఉండదు.

రాయగడ:
మాస్టారూ, ఒడియా నోటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒడియాలో ‘వ’ బ అవుతుంది, మాట మొదటి ‘య’ జ అవుతుంది. శ, ష, స మూడూ స గానే పలుకుతాయి, ఇ–ఈ, ఉ–ఊ తేడా వినబడదు. అంచేత సురసేనుడు, శూరసేనుడు ఇద్దరూ ఒకే ఆటలో ఉంటే ఒడియా మాట్లాడే మీవాళ్ల నోట ఒక్కడే అయిపోతారు. వజ్రార్ణవుడు బజ్రార్ణబ అయినా పరవాలేదు, పక్క రాజ్యంవాళ్లు అతన్ని అలాగే పిలుస్తారని కథలోనే పెట్టేయండి. ఆడేవాళ్ల సొంత పాత్రలకి మాత్రం మొదటి అక్షరాలు వేరువేరుగా ఉండాలి, వాటిలో వ–బ జంట రాకూడదు.

పర్లాకిమిడి:
పేరు ఖాయం చేసేముందు విభక్తులన్నీ తగిలించి పైకి చదవండి: నిప్పుకత్తి, నిప్పుకత్తిని, నిప్పుకత్తితో, నిప్పుకత్తికి, ఓ నిప్పుకత్తీ! ‘జోర్గ్’ లాంటి హల్లుతో ముగిసే పేరు ఈ పరీక్షలో నిలవదు. రెండోసారికే జోర్గుని, జోర్గుకి అంటాం. ముందే జోర్గు అని రాసుకుంటే సరి.

ఇంకోటి, తెలుగులో ఆడమనిషికీ డ్రాగన్‌కీ క్రియ ఒకటే. ‘అగ్నిశిఖ గుహలోకి వచ్చింది’ అంటే వచ్చింది మంత్రగత్తో, డ్రాగనో తెలియదు. ఆట నడిపేవారు ఈ వాక్యం చెప్పగానే నలుగురూ కత్తులు దూస్తారు. స్త్రీ పాత్రకి -వతి, -మతి, -ఇణి లాంటి ముగింపు పెట్టండి, లేదా ‘వచ్చారు’ అనండి. డ్రాగన్‌కి అచ్చతెలుగు పేరు చాలు: బూడిదరెక్క.

బరంపురం:
చాలా సంతోషం అండి. అయితే నిప్పుకత్తి, ఉక్కుపిడి, తరులీన ఖాయం. దొంగ పాత్రకి పిల్లడుగు (పిల్లి + అడుగు). పూజారిణికి వీరవతి అనుకున్నాం.

రాయగడ:
పిల్లడుగు భలే ఉంది, మార్చకండి. వీరవతి మాత్రం బీరబతి అయిపోతుంది. ధీరమతి పెట్టండి. అందులో వ, య లేవు, ‘ధీ’ దీర్ఘం పోయినా మీ ఐదుగురిలో ఇంకెవరి పేరుతోనూ కలవదు.