రొయ్యల చెరువుల సెన్సార్ డేటాను 2జీలో పంపడానికి జీజిప్ సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారం. భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల నుంచి నీటిలో కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత వివరాలను పది నిమిషాలకోసారి 2జీ మోడెమ్ ద్వారా సర్వర్‌కు పంపుతున్నాం. ఒక్కో జేసన్ (పేరు-విలువ జతలుగా డేటాను అక్షరాల్లో రాసే పద్ధతి) సందేశం సుమారు 200 బైట్లు. డేటా పరిమాణాన్ని తగ్గించే జీజిప్ ప్రోగ్రామ్‌తో కంప్రెస్ చేసినా ఆశించినంత తగ్గడం లేదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట సందేశాలు అందడమే లేదు. ఇంతకన్నా మెరుగైన పద్ధతి ఉందా?

జవాబు 1:
ఇది జీజిప్ లోపం కాదండీ. ముందు వచ్చిన బైట్ల వరుస మళ్లీ కనిపిస్తే, దాన్ని తిరిగి రాయకుండా ఎంత వెనక ఉందో, ఎంత పొడవుందో మాత్రమే గుర్తు పెట్టడం దాని పని. 32 కిలోబైట్ల దాకా వెనక్కి చూడగలిగినా, 200 బైట్ల సందేశంలో అలా దొరికేది చాలా తక్కువ. పైగా డేటాకు ముందు, చివర అది చేర్చే హెడర్, ట్రెయిలర్‌లకే కనీసం 18 బైట్లు పోతాయి. ఆరు రీడింగులు కలిపి గంటకోసారి పంపితే ఫీల్డ్ పేర్లు పదేపదే వస్తాయి కాబట్టి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

జవాబు 2:
పీహెచ్‌కు, ఉష్ణోగ్రతకు ఆ సలహా బాగుంటుంది కానీ ఆక్సిజన్‌కు పనికిరాదు. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేయాల్సిన ఆ వేళలో గంట ఆలస్యమైతే రొయ్యలు చనిపోవచ్చు. అందువల్ల హద్దు దాటిన రీడింగును వెంటనే పంపాలి, అది మొదటినుంచీ చిన్నదిగా ఉండాలి. దానికి సీబార్ వాడండి, అది జేసన్ లాంటి డేటానే అక్షరాల్లో కాకుండా క్లుప్తంగా బైనరీలో రాసే పద్ధతి. జేసన్‌లో ‘డిజాల్వ్‌డ్_ఆక్సిజన్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో పూర్తిగా రాసి 5.4 అని ఇస్తే, కొటేషన్లు, కోలన్‌తో కలిపి 22 బైట్లవుతుంది. సీబార్‌లో ఆ పేరుకు బదులు 1 అనే అంకెను, విలువను పదితో గుణించి 54 అని పంపితే మూడే బైట్లు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ప్రతి సందేశంలో ఊరి పేరు కూడా తెలుగులో వెళ్తోంది. దాన్ని ఏం చేయాలి?

జవాబు 3:
ముందు దాన్ని తీసేయండి. కొన్ని జేసన్ లైబ్రరీలు తెలుగును యూనికోడ్ ఎస్కేప్‌లుగా (ఒక్కో అక్షర గుర్తుకు ఆరు ఇంగ్లిష్ అక్షరాల కోడ్) మారుస్తాయి, అప్పుడు ‘భీమవరం’ ఒక్కటే 36 బైట్లు. యూటీఎఫ్-8 అనే మామూలు ఎన్‌కోడింగ్‌లో నేరుగా రాసినా 18. చెరువుకు ఒక సంఖ్య ఇచ్చి పేరును సర్వర్‌లో ఉంచితే చాలు. మరో సంగతి, ప్రతిసారీ కొత్తగా టీఎల్ఎస్ (డేటాను రహస్యంగా పంపే) కనెక్షన్ తెరుస్తుంటే సర్వర్ గుర్తింపును రుజువు చేసే సర్టిఫికెట్లకే కొన్ని కిలోబైట్లు ఖర్చవుతాయి, అది మీ సందేశం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి కనెక్షన్‌ను తెరిచే ఉంచండి. జేసన్‌ను వదలలేని పరిస్థితి అయితే, పాత సందేశాల్లో తరచూ వచ్చే భాగాలతో తయారుచేసిన డిక్షనరీని జెడ్‌స్టాండర్డ్ అనే మరో కంప్రెషన్ ప్రోగ్రామ్‌కు ఇచ్చి చూడండి. డిక్షనరీని మార్చినప్పుడు పాతదాన్ని సర్వర్‌లో అలాగే ఉంచాలి, లేకపోతే ఇంకా అప్‌డేట్ కాని పరికరాలు పంపిన డేటాను విప్పడం కుదరదు.