350 బండి హెడ్‌లైట్ కొట్టుకుంటోంది: పార్టు మార్చాలా, వైరు వెతకాలా?

భాకరాపేట రాత్రి డ్యూటీ
అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ పాత స్టయిల్ 350 బండి. డ్యూటీ తిరుపతిలో, ఇల్లు భాకరాపేటలో. రాత్రి పదకొండుకు బయల్దేరి చంద్రగిరి దాటి ఘాట్ ఎక్కాలి. రెండు నెలలుగా హెడ్‌లైట్ మసకగా ఉంది. ఇండికేటర్ వేస్తే దాంతోపాటే హెడ్‌లైటూ కొట్టుకుంటుంది. బ్రేకు నొక్కితే వెలుగు ఇంకా తగ్గుతుంది. మొన్న ఘాట్‌లో ఎడమ మలుపు తిప్పుతుంటే పూర్తిగా ఆరిపోయి మళ్లీ వచ్చింది. ఎదురుగా లారీ. కాళ్లు వణికాయి. కొత్త బ్యాటరీ వేయించాను, వారం బాగుంది, మళ్లీ అదే కథ. ఇప్పుడు ఆర్ఆర్ యూనిట్ (బ్యాటరీకి వెళ్లే చార్జింగ్‌ను సరిచేసే డబ్బా) మార్చాలంటున్నారు. మార్చాలా, వద్దా?

పుత్తూరు పల్సు
ఎల్ఈడీ బల్బు వేసేయ్ బ్రదర్. కరెంటు తక్కువ తాగుతుంది, పగలులా ఉంటుంది.

కొర్లగుంట షెడ్డు
26 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నా. కొత్త బ్యాటరీ వారంలో దిగిపోయిందంటే చార్జింగ్ రావడం లేదని అర్థం. ఆర్ఆర్ యూనిట్, అది కాకపోతే ఇంజన్ దగ్గర కరెంటు పుట్టించే కాయిల్ ప్లేటు. చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు.

ఈఈఈ లెక్చరర్
షెడ్డు అన్నా, బ్యాటరీ దిగిపోయిందని ఆయన రాయలేదు. లైటు మళ్లీ మసకైందని రాశారు. రెండూ ఒకటి కాదు.

ఇండికేటర్‌తో పాటు హెడ్‌లైట్ కొట్టుకోవడం, బ్రేకు నొక్కితే తగ్గడం చూస్తే నా అనుమానం ఎర్త్ మీదే. అన్ని లైట్ల కరెంటూ ఎర్త్ అనే ఒకే నల్ల వైరు గుండా బ్యాటరీకి వెనక్కి రావాలి. ఆ దారి సన్నబడితే ఒకదాని లోడు ఇంకొకదాని మీద పడుతుంది. హ్యాండిల్ తిప్పితే ఆరుతోందంటే టీ స్టెమ్ (హ్యాండిల్ తిరిగే ఇరుసు) దగ్గర వైరు లోపల తెగుతోంది. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు రెండో మూడో మిగిలి ఉంటాయి.

మల్టీమీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. లైటు వెలుగుతుండగానే ఒక పిన్ను బ్యాటరీ మైనస్‌కు, ఇంకొకటి హెడ్‌లైట్ హోల్డర్ ఎర్త్‌కు. 0.2, 0.3 దాటితే దొంగ అక్కడే ఉన్నాడు. హాలోజెన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం పడిపోతుంది. అందుకే ఒక్క వోల్టు పోయినా కంటికి అంత తేడా.

కొర్లగుంట షెడ్డు
మీటరు మాకూ ఉంది సార్. చచ్చిన బ్యాటరీ కూడా ఖాళీగా పెడితే 12.6 చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు తొమ్మిదికి పడిపోతుంది. లోడు మీద చూడకుండా మీటరు మాట నమ్మితే అంతే.

ఈఈఈ లెక్చరర్
నేను చెప్పిన పరీక్ష లోడు మీదే. లైటు వెలుగుతుండగా అని రాశాను. దయచేసి మళ్లీ చదవండి.

కొర్లగుంట షెడ్డు
చదివాను. నేను చెప్పింది బ్యాటరీ సంగతి.

పలమనేరు పాత బండి
మా నాన్న బండి ఇంకా పాతది. అందులో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా నేరుగా ఇంజన్ తిప్పే మాగ్నెటో ఏసీ మీద నడుస్తుంది. రేసు ఇస్తే వెలుగు, స్లోలో మసక. అది జబ్బు కాదు, ఆ బండి పద్ధతే అంత. నీది కూడా అలాంటిదేనేమో చూసుకో.

భాకరాపేట రాత్రి డ్యూటీ
కాదన్నా, ఇంజన్ ఆపినా వెలుగుతుంది. బ్యాటరీ మీదే.

వరదలో మునిగిన బండి
నా అనుభవం చెప్తా, వినండి. 2021 నవంబరు వానలకు తిరుపతిలో మా వీధిలో బండి సీటు దాకా మునిగింది. ఆరబెట్టి, ఆయిల్ మార్పించి నడిపాను. మూడు నెలలకు లైట్ల గోల మొదలైంది. ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు. తర్వాత ఆర్ఆర్ యూనిట్. తర్వాత కాయిల్ ప్లేటు. మొత్తం ఏడు వేలు దాటింది. చివరికి మా బావమరిది ట్యాంకు విప్పి చూస్తే ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ రింగు నిండా పచ్చ చిలుము. ఉప్పు కాగితంతో రుద్ది బిగించాడు. అయిపోయింది. ఖర్చు సున్నా. అప్పటినుంచి ఏ షెడ్డునూ నమ్మను. మార్చమంటే మార్చడమే తప్ప వెతకడం ఒక్కరికీ చేతకాదు. తీసేసిన పాత పార్టులు ఏమయ్యాయో అడిగితే సమాధానం లేదు.

నగరి
ఇండికేటర్ మామూలు కంటే వేగంగా కొట్టుకుంటే మాత్రం ఒక బల్బు పోయిందని అర్థం. అదీ చూసుకో.

కొర్లగుంట షెడ్డు
వరద అన్నా, ఒకరు చేసిన దానికి అందరినీ అనొద్దు. మునిగిన బండికి కప్లర్లన్నీ (వైర్లు కలిపే ప్లగ్గులు) విప్పి శుభ్రం చేయమని చెప్పని వాడిది తప్పు, ఒప్పుకుంటా. వెతకడం చేతకాదు అన్నావే, ఆ మాట తప్పు.

వరదలో మునిగిన బండి
చేతనైతే నా ఏడు వేలు ఎందుకు పోయాయి?

ఈఈఈ లెక్చరర్
రాత్రి డ్యూటీ గారూ, ఒక ముఖ్యమైన ప్రశ్న. బండికి బయట షాపులో ఏమైనా అదనపు లైట్లు పెట్టించారా? బల్బు ఎన్ని వాట్లది?

భాకరాపేట రాత్రి డ్యూటీ
ముందే రాయాల్సింది, సారీ సార్. ఘాట్‌లో చీకటని 100/90 వాట్ల బల్బు వేయించాను. రెండు ఫాగ్ లైట్లు కూడా, చెరి 20 వాట్లు. షాపులో హెడ్‌లైట్ వైరుకే మెలిపెట్టి టేపు చుట్టారు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) లేదు.

ఈఈఈ లెక్చరర్
అదీ సంగతి. కంపెనీ నుంచి వచ్చే 60/55 బల్బుకు హై బీమ్‌లో 5 ఆంపియర్లు. 100 వాట్లకు 8 పైనే. ఫాగ్ లైట్లు ఇంకో 3. దాదాపు 12 ఆంపియర్లు హ్యాండిల్ స్విచ్ గుండా, ఆ సన్నని వైరు గుండా పోతున్నాయి. స్విచ్ కాంటాక్టులు కాలతాయి, హోల్డర్ కరుగుతుంది, డూమ్ (హెడ్‌లైట్ గిన్నె) లోపలి వెండి పూత నల్లబడుతుంది. ఫాగ్ లైట్లకు బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు, రిలే, లావు వైరు ఉండాలి.

పుత్తూరు పల్సు
అందుకే ఎల్ఈడీ అన్నాను.

పలమనేరు పాత బండి
వద్దు తమ్ముడూ. ఆ డూమ్ హాలోజెన్ ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి చేసింది. ఎల్ఈడీ వేస్తే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మొగిలి ఘాట్‌లో అలాంటి లైటు ఎదురై నేను రోడ్డు దిగిపోయాను. నీకు పగలు, ఎదుటివాడికి గుడ్డితనం.

కొర్లగుంట షెడ్డు
లోడు అంత ఉందని మొదటి రోజే చెప్పుంటే నా జవాబు వేరేగా ఉండేది. అయినా ఆ లోడుకు చార్జింగ్ సరిపోదన్న మాట ఇప్పటికీ నిజమే.

వరదలో మునిగిన బండి
మళ్లీ చార్జింగేనా? పార్టు అమ్మందే నిద్ర పట్టదా?

కొర్లగుంట షెడ్డు
ఇక చెప్తాను, కోపం వచ్చినా సరే. నాకు వెతకడం వచ్చు. టెస్ట్ లైట్ పట్టుకుని ట్యాంకు విప్పి, డూమ్ విప్పి, కప్లరు కప్లరుగా చూసుకుంటూ పోతే ఒక్కోసారి మూడు గంటలు పడుతుంది. చివరికి తెగిన వైరు ఒకటి దొరుకుతుంది. అతికించి టేపు చుట్టి రెండు వందలు అడిగితే ఏమంటారు? "ఒక్క వైరు అతికించినందుకు రెండు వందలా?" అదే ఆర్ఆర్ యూనిట్ మార్చి పదిహేను వందలు అడిగితే మారుమాట లేకుండా ఇస్తారు, చేతిలో డబ్బా కనపడుతుంది కాబట్టి. పార్టుకు డబ్బులిస్తారు, వెతికిన టైముకు ఎవరూ ఇవ్వరు. షెడ్డు అద్దె ఉంది, ఇద్దరు కుర్రాళ్ల కూలి ఉంది. మూడు గంటలు ఒక బండి మీద కూర్చుంటే బయట నాలుగు బళ్లు వెళ్లిపోతాయి. వెతికే వాళ్లు లేకుండా పోయారంటే ఎందుకో మీరూ ఆలోచించండి.

ఈఈఈ లెక్చరర్
ఈ మాట నేను ఇంతవరకు ఇలా చూడలేదు. మా ఇంటి ఏసీ మెకానిక్‌తో నేనూ అలాగే బేరమాడాను.

వరదలో మునిగిన బండి
అద్దె మీది, నష్టం నాదా? తెలియకపోతే తెలియదని చెప్పాలి. అందాజుగా మార్చి నా దగ్గర వసూలు చేయడం ఏం న్యాయం?

భాకరాపేట రాత్రి డ్యూటీ
సార్ చెప్పినట్టు మీటరు కొని చూశాను. ఎర్త్ దగ్గర 1.1 వోల్టు చూపిస్తోంది! హోల్డర్ ఎర్త్ నుంచి బ్యాటరీ మైనస్‌కు విడిగా ఒక వైరు లాగి తగిలిస్తే ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఇండికేటర్ వేసినా కదల్లేదు. చార్జింగ్ కూడా చూశాను. ఫాగ్ లైట్లు ఆపి రేసు ఇస్తే 14 వస్తోంది, అన్నీ వేస్తే 12.7 దాటడం లేదు.

ఈఈఈ లెక్చరర్
ఆర్ఆర్ యూనిట్ బాగుంది, మార్చొద్దు. 60/55 బల్బుకు తిరిగి రండి. ఎర్త్ వైరు స్టెమ్ దగ్గర కొత్తది వేయించండి. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిరిగినా లాగకుండా కొంచెం వదులు ఉంచాలి.

కొర్లగుంట షెడ్డు
ఎర్త్ విషయంలో సార్ మాటే నిజం. లోడు విషయంలో నా మాట కూడా మీటరే చెప్పింది. తమ్ముడూ, ఆదివారం పొద్దున బండి తీసుకురా. డూమ్ విప్పాలి, ట్యాంకు విప్పాలి, రెండు గంటల పని. కూలి నాలుగు వందలు. ముందే చెప్తున్నా, పార్టు ఏదీ పడదు.

వరదలో మునిగిన బండి
పార్టు పడనప్పుడు నాలుగు వందలు ఎందుకు?

భాకరాపేట రాత్రి డ్యూటీ
ఆదివారం ఏడుకల్లా వస్తానన్నా. పాత బల్బు ఇంట్లోనే ఉంది, అది కూడా తెస్తాను.