అప్‌డేట్: మా బియ్యం వెబ్‌సైట్‌లో ఏ డేటా ఉంచాం, ఏది వదిలేశాం

కర్నూలులోని మా సోనామసూరి బియ్యం దుకాణం వెబ్‌సైట్‌కు గూగుల్ అనలిటిక్స్‌లో (సైట్‌కు వచ్చినవారు ఏం చేస్తున్నారో లెక్కించే గూగుల్ సాధనం) ఏయే వివరాలు సేకరించాలని ఆ మధ్య అడిగాను. "ఈ అంకె మారితే మీరు ఏ పని మార్చుకుంటారు?" అని ప్రతి వివరాన్నీ ప్రశ్నించుకోమన్న సలహా మాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది.

ఆ ప్రకారం పేజీ వీక్షణల మొత్తాన్ని, స్క్రోల్ లెక్కలను పక్కన పెట్టి, బస్తా పేజీ తెరవడం, కార్ట్‌లో వేయడం, పిన్‌కోడ్ ఇచ్చి రవాణా ఛార్జీ చూడడం, డబ్బు చెల్లించడం అనే మెట్లనే ఉంచుకున్నాం. వీటిలో పిన్‌కోడ్ మెట్టు చాలా విలువైనది. 26 కిలోల బస్తాకు ఛార్జీ కనబడగానే దూరప్రాంతాల వారు ఆగిపోతున్నారని దానివల్లే తెలిసి, వారికి 10 కిలోల సంచిని ముందుగా చూపిస్తున్నాం. ఇందుకు పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెలు చాలు: 518 అంటే కర్నూలు వైపు, 515 అంటే అనంతపురం, 516 అంటే కడప.

ఫోన్ నంబర్లను అనలిటిక్స్‌లోకి పంపడం లేదు. గూగుల్ నిబంధనలే వాటిని ఒప్పుకోవు. అవసరానికి మించి వ్యక్తిగత సమాచారం తీసుకోకూడదన్నదే 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా.

కొత్త పంట నెలలను కిందటేడుతో వివరంగా పోల్చుకోవాలి కనుక, డేటా నిల్వ గడువును 2 నెలల నుంచి 14 నెలలకు మార్చాం. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లకు మాత్రం ప్రస్తుతం సైట్‌లోని వాట్సాప్ బటన్ నొక్కడాన్నే నమోదు చేస్తున్నాం.